ముందు హుక్కుల జాకెట్టు

రెండో కాన్పయిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం, బాబు నిద్రపోయాక, నా బట్టలన్నీ మంచం మీద పరిచి ఏమేమి పోయాయో లెక్క చూశాను. జాకెట్లు పదకొండు. తొమ్మిదింటికి హుక్కులు కాజాలను దూరం నుంచి చూడటమే తప్ప అందుకునే దారి లేదు. మిగిలిన రెండింటి చేతులు మోచెయ్యి దాటి పైకి రాలేదు. పంజాబీ డ్రెస్సులు నాలుగు. గాజులు ఒక డజను, అరచెయ్యి కూడా ఒళ్ళు చేసింది కాబట్టి. ఉంగరం ఒకటి. చెప్పులు రెండు జతలు. కాన్పయితే పాదం కూడా పెరుగుతుందని నాకెవరూ చెప్పలేదు. జుట్టు ఎంత పోయిందో లెక్కకు అందలేదు. టేపు పెట్టి చూసుకుంటే ఛాతీ దగ్గర మూడున్నర అంగుళాలు, నడుము దగ్గర ఐదు పెరిగాను.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు లెక్కలు చూడటం నా పని. చదివి నేర్చుకున్నది కాదు, చూసి నేర్చుకున్నది. తడి వడ్లకు తీసినట్టే ఇక్కడా తరుగు తీసి చూస్తే, వేసుకోదగ్గవి మూడు నైటీలు తేలాయి. అందులో ఒకటి మా అత్తమ్మది.

ఈ లెక్క ఒక్కరికే చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది.

"ఏం పోయిందే నీకు? పెరిగావు కదా! మీ మిల్లులో బస్తా బరువు పెరిగితే నష్టం కింద రాస్తారా?"

ఆవిడ మా అత్తమ్మకు చెల్లెలు, నాకు చిన్నత్తమ్మ. ఉండేది కోదాడలో.

మొన్న మా మిల్లులో పనిచేసే అమ్మాయికి తోడుగా సూర్యాపేటలో బట్టల షాపుకు వెళ్ళాను. ఆ అమ్మాయి ఈమధ్యే తల్లయింది. షాపులో పిల్ల ఒక కుర్తీ తీసి, ఛాతీ మీద కుచ్చుల కింద దాగి ఉన్న జిప్పు లాగి చూపించింది. "కొత్త మోడల్ మేడం, ఫీడింగ్ కుర్తీ. బయటికి ఏం తెల్వది సూడుండ్రి," అంది. మా మిల్లు అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి చూస్తుంటే నాకు నవ్వాగలేదు. సరిగ్గా ఆ కుచ్చుల కిందే, పదిహేనేళ్ళ కింద, మా అత్తమ్మ నైటీని బ్లేడుతో కోసి టిచ్ బటన్లు కుట్టిన చిన్నత్తమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఏడాది దాటింది.

చిన్నత్తమ్మ పొట్టి మనిషి, బాగా లావు. వస్తుంటే ముందు పౌడర్ వాసన వచ్చేది, వెనకాల ఆవిడ వచ్చేది. రాత్రి పడుకునే ముందు కూడా పౌడర్ రాసుకునేది. ఎందుకని అడిగితే, "కలలోకి ఎవరొస్తారో ఏమో, మనం తయారుగా ఉండాలి కదా," అనేది. చేతికి మగవాళ్ళ గడియారం, డయల్ మణికట్టు లోపలి వైపుకు తిప్పి. నల్లపూసల గొలుసుకు తాళంచెవుల గుత్తిలా పిన్నీసులు. పెళ్ళిళ్ళలో ఎవరి కొంగు జారినా, ఎవరి హుక్కు ఊడినా వెతుక్కుంటూ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. పిలవకపోయినా ఆవిడే వెళ్ళేది. బస్సులో ముందు సీటు అమ్మాయి డ్రెస్సు వెనక లేబుల్ బయటికి వస్తే, అడక్కుండానే లోపలికి నెట్టేది. అలా తిట్లు కూడా తిన్నది. "తిట్టింది కానీ, లేబుల్ మళ్ళీ బయటికి తీసుకోలేదు కదా," అని చెప్పుకునేది.

లంగాలన్నింటికీ లోపల జేబు కుట్టించుకునేది. ఫోను, తాళాలు, కర్చీపు, వక్కపొడి అన్నీ అందులోనే. జేబు లేని లంగా ఆవిడ దృష్టిలో సగం కుట్టిన లంగానే.

ఆవిడతో బట్టల షాపుకు వెళ్ళడం సిగ్గుపడేవాళ్ళ పని కాదు. చీర నచ్చితే భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకునేది, అందరిలాగే. తర్వాత షాపులోనే కింద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. లేచేది. రెండు చేతులూ పైకెత్తి దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు అటూ ఇటూ జరిగేది. వంగి, కింద పడ్డదేదో తీస్తున్నట్టు చేసేది. ఒకసారి షాపతను ఉండబట్టలేక, "అమ్మా, చీరకు గిన్ని పరీక్షలా?" అన్నాడు.

"రేపు ఇంట్లో ఈ పనులన్నీ నువ్వొచ్చి చేస్తావా నాయనా?" అంది ఆవిడ, వంగినది లేవకుండానే.

తర్వాత దారిలో నాకు చెప్పింది. "కూర్చుంటే ఊపిరాడాలి. నిలబడితే ఎక్కడ కొన్నావని నలుగురు అడగాలి. రెండిట్లో ఏది తక్కువైనా ఆ గుడ్డ నాకొద్దు."

అక్కచెల్లెళ్ళిద్దరూ పుట్టింది తిరుమలగిరి వైపు. పెద్దావిడ మిర్యాలగూడ కోడలైంది, చిన్నావిడ కోదాడ కోడలైంది. కోదాడ వెళ్ళాక చిన్నత్తమ్మ మాట ఆంధ్రా వైపు ఒరిగింది. అది మా అత్తమ్మకు చెల్లెలు చేసిన అన్ని పనుల్లోకీ పెద్ద తప్పు.

మొదటి కాన్పు సూర్యాపేటలో మా అమ్మగారింట్లో అయింది. రెండోది కాబట్టి అత్తగారింట్లో. మండే ఎండాకాలం. చిన్నత్తమ్మ బాబును చూడటానికి కోదాడ బస్సు దిగి వచ్చేసరికి నేను చెవుల్లో దూది, తలకు పాత తువ్వాల, అత్తమ్మ నైటీ, దాని మీద స్వెటర్, నడుముకు బిగించి చుట్టిన పాత చీర నడికట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటే అక్కా, పిల్లని పార్శిల్ కట్టినట్టు కట్టావు?"

"ఏంటే గీంటే అనకు నాతోని. తిరుమలగిరిల పుట్టి, కోదాడ పోంగనే భాష మారుస్తవా? బాలింతకు గాలి తాకొద్దు. ఇద్దరిని కన్న, నాకు తెల్వదా?"

"నేను ముగ్గుర్ని కన్నాను."

"అందుకే గట్లున్నవ్."

నవ్వితే ఆపరేషన్ కుట్లు లాగాయి. కడుపు పట్టుకుని నవ్వాను.

చిన్నత్తమ్మ వాదించలేదు. దూది తీయమనలేదు, నడికట్టు విప్పమనలేదు. "గాలి తాకొద్దు, సరే. అందం కూడా తాకొద్దని ఎవరన్నారే?" అంటూ సంచి తెరిచింది. ఉతికి ఉతికి మెత్తబడిన తన నూలు చీర ఒకటి, ముదురు నీలం మీద చిన్న చిన్న తెల్ల పూలు, అప్పటికే ముక్కలు చేసి తెచ్చింది. తువ్వాల తీసి ఆ ముక్కతో నా తలకు కట్టింది. చెవుల మీదుగా మడత వచ్చి, ముడి ఎడమ చెవి పక్కన పడేలా. అద్దం చేతికిచ్చింది. పదిరోజుల తర్వాత అద్దంలో నాకు తెలిసిన మనిషి కనిపించింది.

అత్తమ్మ దగ్గరికొచ్చి చెవులు తడిమి చూసింది. దూది ఉంది. నెత్తి నిండా గుడ్డ ఉంది. తప్పు దొరకలేదు.

"మంచిగనే ఉంది గని, బాలింతకు గంత సోకెందుకే?"

"నీ మనవడు రోజంతా చూసేది దీని మొహమే కదే. వాడికి చూడబుద్ధి కావొద్దా?"

ఆ సాయంత్రం, మర్నాడు, ఆవిడ చెయ్యి ఖాళీగా లేదు. నైటీకి ఛాతీ మీద కుచ్చుల కింద రెండు పక్కలా కోసి, లోపల ఒక పొర గుడ్డ వేసి టిచ్ బటన్లు కుట్టింది. బాబుకు పాలివ్వాలంటే మెడ దగ్గర్నుంచి అంతా తెరుచుకునే అవసరం తప్పింది. నా లంగాల నాడాలు లాగిపారేసి, వాటి చోట అరచెయ్యంత వెడల్పు పట్టీలు వేసింది. నాడా ఆపరేషన్ కుట్టు మీద ఒరుసుకుంటోందని నేను ఎవరికీ చెప్పలేదు. నా నడక చూసి కనిపెట్టింది. మీద వేసుకునే బట్ట ముదురు రంగులో, చిన్న పూలతో ఉండాలంది. పాల మరక ఆ పూలల్లో కలిసిపోతుందట. లేత రంగు సాదా బట్టల మాట ఏడాది దాకా ఎత్తొద్దంది. నేను నా నష్టాల లెక్క చెప్పిందీ, ఆవిడ బస్తా మాట అన్నదీ అప్పుడే.

"సరే, తొట్టెల పండుగకు ఏ చీర కడుతున్నావు?" అని అడిగింది సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇరవై ఒకటో రోజున బాబును తొట్టెలో వేసే పండుగ. అరవై మందిని పిలిచారు.

"ఏదో ఒకటి. నేను ఎట్లాగూ బయట కూసోను చిన్నత్తమ్మా. లోపలే ఉంట."

"ఎందుకని?"

చెప్పాను. పెద్దదానికి సూర్యాపేటలో తొట్టెల పండుగ ఘనంగా చేశారు. బరువైన పట్టుచీర, వెనక హుక్కుల జాకెట్టు. పాప ఏడ్చినప్పుడల్లా లోపలికి పరుగెత్తి, ఎవరినో పిలిచి వెనక హుక్కులు విప్పించుకుని పాలివ్వడం, మళ్ళీ పెట్టించుకుని వచ్చేసరికి మళ్ళీ ఏడుపు. రెండుసార్లు తిరిగాక జాకెట్టు తడిసింది. ఇక బయటికి రాలేదు. పాటలు గోడవతల విన్నాను. ఆల్బంలో నూట పన్నెండు ఫొటోలున్నాయి. పాపను మా ఇంటి పక్క డాక్టరమ్మ ఎత్తుకుంది, ఫొటోగ్రాఫర్ తమ్ముడు కూడా ఎత్తుకున్నాడు. నేనున్నది ఒక్కటీ లేదు. అది పెరిగి, "అమ్మా, నువ్వప్పుడు ఊర్ల లేవా?" అని అడిగింది.

చిన్నత్తమ్మ చేతిలో సూది ఆగింది. దాన్ని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఈసారి నువ్వు బయటే కూర్చుంటావు," అంది. "తొట్టె పక్కనే. వాడు ఏడిస్తే అక్కడే పాలిస్తావు. లేచి లోపలికి పోయావో, నేను ఆ నిమిషమే కోదాడ బస్సెక్కుతా."

తేలికైన ఆకుపచ్చ చీర ఒకటి ఆవిడే ఎంచింది. జాకెట్టు ముందు హుక్కులతో, ఊపిరాడేంత వదులుగా కుట్టించాలంది. నేను చిన్నప్పటి నుంచి జాకెట్లు కుట్టించుకునే టైలర్ సూర్యాపేటలో ఉన్నాడు. మిర్యాలగూడలో ఎవరి చేతి కుట్టూ నాకు నచ్చదు. బాలింతను, కదలకూడదు కాబట్టి మా ఆయన చేతికే గుడ్డ, కొలతకు ఆది జాకెట్టు ఇచ్చి పంపాను. ఆది పాతదే, సరిపోయే జాకెట్టు ఇంట్లో లేదు కదా. అందుకే రెండుసార్లు చెప్పాను: "ఆదికి నాలుగు అంగుళాలు లూజు పెట్టమను. ముందు హుక్కులు." ఆయన తలూపి బండి తీశాడు. అత్తమ్మ గేటు దాకా వెళ్ళి ఆయనతో ఏదో అంది. నేను పట్టించుకోలేదు.

జాకెట్టు పండుగ రోజు పొద్దున వచ్చింది. చుట్టాలు అప్పటికే దిగుతున్నారు. వాకిట్లో కుర్చీలు, హాల్లో పూలు చుట్టిన తొట్టె, దాని చుట్టూ కెమెరా పట్టుకుని తిరుగుతున్న ఫొటోగ్రాఫర్. నేను గదిలో జాకెట్టు తొడుక్కుని ముందుకు లాగాను. ముందు హుక్కులే, అందంగా కుట్టాడు. రెండు అంచుల మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ.

చిన్నత్తమ్మ దాన్ని తిరగేసి చూసింది. లోపల కుట్టు విప్పుదామంటే టైలర్ అదనంగా గుడ్డ వదల్లేదు. మా ఆయన్ని పిలిచింది. ఆయన తల గోక్కున్నాడు.

"లూజు చెప్పొద్దని అమ్మే అన్నది చిన్నమ్మా."

అత్తమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "నడికట్టు గట్టిగ కడుతున్న కదా, ఇరవై ఒకటో దినం వరకు పాత కొలతకే వస్తదనుకున్న. లూజు కుట్టిస్తె మంచి గుడ్డ ఆగమైతదని…"

"అక్కా," అంది చిన్నత్తమ్మ మెల్లగా, "నడికట్టు నడుముకు కట్టావు. జాకెట్టు ఎక్కడికి తొడుగుతారే?"

అత్తమ్మ నా వైపు చూసింది, జాకెట్టు వైపు చూసింది. "గది నాకు యాదికే రాలే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఏమనుకోకు బిడ్డా. ఇగ గా రైక నాకు సూపియ్యకు," అంది.

బయట ఎవరో పాట అందుకున్నారు. బాబును అడుగుతున్నారు. నేను మంచం అంచున కూర్చున్నాను. "నేను లోపలే ఉంట చిన్నత్తమ్మా. పోయినసారి ఉండలేదా. బాబును మీరు తీస్కపొండ్రి," అన్నాను.

ఆవిడ అత్తమ్మనూ మా ఆయన్నూ బయటికి నెట్టి గడియ పెట్టింది. కొంగు పిన్ను తీసింది. తన జాకెట్టు హుక్కులు పైనుంచి కిందికి పటపటా విప్పేసి, జాకెట్టు తీసి నా ఒళ్ళో పడేసింది.

"తొడుక్కో."

కుంకుమ రంగు జాకెట్టు, మోచేతి దాకా చేతులు, అంచుకు సన్నని జరీ, ముందు హుక్కులు. తొడుక్కున్నాను. హుక్కులన్నీ వాటంతట అవే కలిశాయి. ఊపిరి పీల్చుకున్నాను, ఇంకా చోటుంది. ఆకుపచ్చ చీరకు ఆ రంగు నేను ఎంచుకున్నదాని కన్నా బాగుంది.

"మరి మీరేం ఏసుకుంటరు?"

ఆవిడ గదంతా చూసింది. బీరువా తలుపుకు మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు వేలాడుతోంది. తీసి తొడుక్కుంది. చేతులు మోచేతి దాకా మడిచింది. పై బొత్తాం వదిలేసి, కాలర్ నిలబెట్టి, దాని మీద నల్లపూసలు బయటికి వేసుకుంది. చొక్కా కింది భాగం లంగాలోకి దోపి, ముదురు ఎరుపు చీర కుచ్చులు సర్ది, కొంగు భుజం మీద మడత పెట్టి పిన్ను గుచ్చింది. కొద్దిగా పౌడర్ అద్దుకుంది. తర్వాత కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లేచి, చేతులు పైకెత్తి గాలిలో బట్టలు ఆరేసింది.

"కూర్చోడానికి బాగుంది. పద, నిలబడితే ఎట్లా ఉందో జనం చెప్తారు."

తలుపు తీసేసరికి ఎదురుగా మా ఆయన. "నా అంగీ…" అని ఆగిపోయాడు.

"నీ పెళ్ళాం నా జాకెట్టేసుకుంది. నేను నీ చొక్కా వేసుకున్నా. నువ్వేం వేసుకుంటావో నువ్వు చూసుకో నాయనా."

ఆయన నిన్నటి గళ్ళ చొక్కాతోనే పీట మీద కూర్చున్నాడు. అత్తమ్మ చెల్లెల్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మా, గిదేం అవతారమే!"

"కోదాడలో ఇదే నడుస్తోంది ఇప్పుడు."

అరగంట కూడా కాలేదు, నేరేడుచర్ల నుంచి వచ్చిన ఒకావిడ చిన్నత్తమ్మ పక్కకు జరిగి, "అక్కా, గీ కాలర్ రైక మస్తున్నదే. ఏడ కుట్టిచ్చినవ్?" అని అడిగింది.

"విజయవాడలో."

ఇంకొకామె అడిగితే హైదరాబాద్ అంది. మా అత్తమ్మ ఆ పక్కగా వెళ్తూ, "నా కొడుకు బీరువల కుట్టిచ్చింది," అని గొణిగింది. అదృష్టవశాత్తూ పాటల్లో ఎవరికీ వినిపించలేదు.

నేను తొట్టె పక్కన కుర్చీలో కూర్చున్నాను. బాబుకు పేరు పెట్టారు, తొట్టెలో వేశారు, ఊపారు. వాడు ఏడుపు అందుకున్నాడు. నా కాళ్ళు అలవాటుగా లోపలి గది వైపు లేవబోయాయి. హాలు అవతలి నుంచి చిన్నత్తమ్మ నన్నే చూస్తోంది. చెప్పుల కోసం వెతుకుతున్నట్టు గుమ్మం వైపు రెండడుగులు వేసింది, కోదాడ బస్సు ఇప్పుడే ఉందన్నట్టు. నాకు నవ్వొచ్చింది. కూర్చున్నాను.

బాబును ఒళ్ళోకి తీసుకుని, కొంగు ముందుకు లాక్కుని, కింది హుక్కులు రెండు తీశాను. అంతే. ఎవరినీ పిలవలేదు, ఎక్కడికీ పరుగెత్తలేదు. వాడు తాగుతుంటే పాట ఆగలేదు, ఎవరూ తల తిప్పలేదు. కాసేపటికి అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడి విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. గాలి తాకొద్దన్నది తనే అన్న సంగతి ఆమెకూ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. ఆ ఫొటోలో ఇద్దరం నవ్వుతున్నాం. ఆ ఆల్బంలో నేనున్న ఫొటోలు నలభై ఒకటి. ఒకదాంట్లో నోరు తెరిచి లడ్డూ తింటున్నాను. అది కూడా తీసెయ్యలేదు.

వారం తర్వాత ఆవిడ ప్రయాణం నాటికి జాకెట్టు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వబోతే చిన్నత్తమ్మ తీసుకోలేదు.

"నీ ఒంటి మీదే బాగుంది, ఉంచుకో. నాకు కొత్తది కుట్టించి ఇయ్యి. ముందు హుక్కులు, మోచేతి దాకా చేతులు, లోపల చిన్న జేబు."

చొక్కా మాత్రం తిరిగివ్వలేదు. అది వేసుకునే కోదాడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, బాగున్నావా అనడం కన్నా ముందు, "నా జాకెట్టేదే?" అనేది. రెండేళ్ళకు కుట్టించి పట్టుకెళ్ళాను, ఆవిడ జాకెట్టునే ఆదిగా పెట్టి. ఈలోపు ఆవిడ ఇంకాస్త ఒళ్ళు చేసింది. హుక్కులు కలవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "పాత ఆదితో కుట్టించావా! లెక్కలు తెలిసినదానివి, నువ్వు కూడా మా అక్కవేనే! ఇది లెక్కలోకి రాదు, పట్టుకుపో."

చాలా ఏళ్ళు గడిచాక, చివరిసారి నేనే టేపు తీసుకుని కోదాడ వెళ్ళి కొలిచాను. కుట్టు పూర్తయ్యేలోపు ఆవిడకు జబ్బు చేసింది. తీసుకెళ్ళేసరికి సగం మనిషైంది. మంచం మీద కూర్చుని, మొహానికి పౌడర్ రాయించుకుని, ఆ జాకెట్టు తొడిగించుకుంది. భుజాలు జారుతుంటే నల్లపూసల నుంచి రెండు పిన్నీసులు తీసి నా చేతికిచ్చింది. రెండు పక్కలా మడిచి పెట్టాను. చేతులు పైకెత్తి చూసుకుంది. జేబులో వేలు పెట్టి చూసుకుంది.

"బాగుందే. కానీ సరిపోయిందంటే అబద్ధం అవుతుంది కదా," అంది. "నేను లేచి తిరిగాక మళ్ళీ టేపు తీసుకుని రా."

లేవలేదు.

కుట్టించినవి రెండు. సరిపోయినవి లేవు. చిన్నత్తమ్మకు నా బాకీ ఇంకా ఒక జాకెట్టు.